రెండు ప్రశ్నలకు నాయనమ్మ జవాబు

శంషాబాద్
12 జూలై 2009

చిరంజీవి స్వర్ణలతకు నాయనమ్మ జంగమ్మ దీవించి రాయునది.

నువ్వు ఎట్ల ఉన్నావు బిడ్డా. గొంతునొప్పి తగ్గిందా. బిందుకు తలనొప్పి ఇంకా వస్తున్నదా. మీ దవాఖానలో పెద్ద డాక్టరమ్మకు కాలు విరిగిందన్నావు, అతికిందా. ఇక్కడ మీ బాపుకు నడుము నొప్పి, పొద్దంతా ఎయిర్‌పోర్టు కారులో కూర్చుని కూర్చుని. మీ అమ్మ అనంతమ్మకు బీపీ గోలీలు మార్చారు. పక్కింటి లచ్చమ్మ బాగుంది, ఆమె బర్రె బాగాలేదు. నా సంగతి ఏం చెప్పను. విమానం దిగినప్పుడల్లా ఇంటి రేకులు వణుకుతాయి. ఏనాటికైనా ఒకటి మన మీదే దిగుతుందని నా భయం. మీ బాపు నవ్వుతాడు.

ఫోన్ చేయమంటావు. ఫోన్ మీ బాపు చేతిలో ఉంటుంది. నాకు చెవులు సరిగా వినపడవని గట్టిగా పెడతాడు, ఇల్లంతా వింటుంది. నీవి అందరూ వినే మాటలు కావు. వయోజన విద్యలో నేర్చుకున్న అక్షరాలు ఇన్నేళ్ళకు పనికొచ్చాయి. నువ్వు లచ్చమ్మ ఇంటి అడ్రసుకే రాయి. ఆమెకు చదువు రాదు, అందుకే నమ్మకం.

మొన్న ఎండాకాలంలో బిందును వెంట తెచ్చి, "నాయనమ్మా, నేనింక ఎవ్వరిని చేసుకోను, నా మనిషి ఈమెనే" అన్నావు. అప్పటి నుంచి నాకు ముద్ద దిగడం లేదు. కోపం కాదు బిడ్డా, పరేషాను. ఇప్పుడు పది రోజుల నుంచి టీవీలో ఇదే. ఢిల్లీ కోర్టు ఏదో తీర్పు చెప్పిందట. నలుగురు కూర్చుని ఒకరి మాట ఒకరు విననివ్వరు. కింద అక్షరాలు పరుగెత్తుతాయి, నేను కూడబలుక్కునేలోపల పోతాయి. "ఆడదాన్ని ఆడది పెళ్ళాడొచ్చా" అన్నది మాత్రం ఎటూ పోకుండా అక్కడే ఉంది.

నేనొక పని చేశాను. లచ్చమ్మను అడిగాను. "ఇద్దరు ఆడివిల్లలు పెండ్లి గిట్ల లేకుంట ఒక్క పొయ్యి మీద వండుకుంటరు, జరమొస్తే ఒకరినొకరు చూసుకుంటరు. ఏమంటవ్?" అన్నాను.

"ఏమంట, నసీబు మంచిగున్నది అంట. నా మొగడు బతికినన్ని రోజులు నాకు గిలాసెడు నీళ్ళియ్యలే" అంది.

నాలుగు రోజులాగి మళ్ళీ అడిగాను. "గా పిల్లలే పుస్తె కట్టుకుంటే?"

"థూ. టీవీ చూసి చూసి చెడిపోతున్నవ్ జంగమ్మ" అంది.

పిల్లలు వాళ్ళే, పొయ్యి అదే. అందుకని గల్లీలో అందరికీ నేనే చెప్పాను. మా స్వర్ణ, బిందు నేస్తం కట్టుకున్నారు, నేనూ సత్తెమ్మా కట్టుకున్నట్టు అని. చీరలు మార్చుకున్నారు, ఒకరి నోట్లో ఒకరు బెల్లం పెట్టుకున్నారు, ఇగ చచ్చేదాకా ఒకరినొకరు పేరు పెట్టి పిలవరు అని. అందరూ మంచిదే అన్నారు. మీ బాపు కూడా ఊఁ అన్నాడు. ఎవరడిగినా నువ్వు కూడా అదే చెప్పు.

గ్యాసు బండ కట్టేసి పడుకోండి. బస్సులో కిటికీ పక్కన చెయ్యి బయట పెట్టకు.

నీ నాయనమ్మ
జంగమ్మ


బెంగళూరు
22 జూలై 2009

నాయనమ్మకు స్వర్ణ నమస్కారాలు.

గొంతు తగ్గింది. బిందు బాగుంది. డాక్టరమ్మ కర్రతో నడుస్తోంది. బాపును నడుముకు బెల్టు కట్టుకోమను.

మేము నేస్తం కట్టుకోలేదు నాయనమ్మా. నీ ఉత్తరం చదివి బిందు లేచి వెళ్ళి బట్టలు ఉతికింది. ఆరిన బట్టలే తీసి మళ్ళీ ఉతికింది. సత్తెమ్మ అంటే నీకెంత ప్రాణమో నాకు తెలుసు, చిన్నప్పుడు ఆమె ఒడిలో నేనూ పడుకున్నాను. కానీ మాది అది కాదు.

ఇంకొక సంగతి. కోర్టు పెళ్ళి మాటే ఎత్తలేదు. ఇలా బతికేవాళ్ళు నేరస్థులు కారు, పోలీసులు పట్టుకుపోకూడదు అంది, అంతే. పెళ్ళి ప్రశ్న టీవీవాళ్ళది. ఆ ప్రశ్న అడిగితేనే లచ్చమ్మ థూ అంటుంది, అందుకే అది అడుగుతారు. నువ్వు లచ్చమ్మను రెండు విధాలుగా అడిగావు. వాళ్ళు ఒక్క విధంగానే అడుగుతారు, మళ్ళీ మళ్ళీ.

నువ్వు మమ్మల్ని దాచిపెట్టడానికి మంచి చోటే వెతికావు. నాకు దాక్కోవాలని లేదు. గల్లీ అంతటికీ చెప్పమనను. ఒక్క మనిషి దగ్గర, ఒక్కసారి, ఉన్నది ఉన్నట్టు చెప్పు. అప్పుడు బిందును తీసుకుని ఇంటికి వస్తాను.

స్వర్ణ


శంషాబాద్
2 ఆగస్టు 2009

చిరంజీవి స్వర్ణకు నాయనమ్మ దీవెనలు. నేను క్షేమం. నీ ఉత్తరం చదివి రెండు రోజులు తల వంచుకుని తిరిగాను. మీ అమ్మ పంటి నొప్పా అని అడిగింది.

ఇప్పుడొక మంచి మాట రాస్తున్నాను. మొన్న గురువారం బస్టాండు దగ్గర కూరగాయలు కొంటుంటే టీవీ వాళ్ళు వచ్చారు. ఒక పిల్ల మైకు పట్టుకుని, "అవ్వా, ఇద్దరు ఆడవాళ్ళు కలిసి ఉంటే పోలీసులు పట్టుకుపోవాలా?" అని అడిగింది. సంచి ఎత్తుకుని పోదామనుకున్నాను. అయినా నువ్వు అడిగింది గుర్తొచ్చి చెప్పాను. "ఎందుకు పట్టుకపోవాలె బిడ్డా. వాళ్ళేమన్న ఎవరి మెడల గొలుసు తెంపిన్రా. వాళ్ళ బువ్వ వాళ్ళు తింటున్నరు" అన్నాను. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఒకాయన చప్పట్లు కొట్టాడు.

తర్వాత ఆ పిల్ల, "మీ ఇంట్లో పిల్లే ఇంకో ఆడపిల్లకు పుస్తె కడితే ఒప్పుకుంటారా అవ్వా?" అంది. అప్పటికే కారు ఆపుకుని మీ బాపు వచ్చి నా వెనకాల నిలబడ్డాడు. లచ్చమ్మ ఉంది. ఎక్కడ నీ పేరు బయటపడుతుందోనని భయపడ్డాను. "మా ఇండ్లల్ల గట్లాంటియి ఉండయి" అన్నాను. అది నిన్ను కాపాడటానికి అన్న మాట, పట్టించుకోకు. ముందు అన్నది విను. వచ్చే ఆదివారం పొద్దున పది గంటలకు వస్తుందట. బిందును కూడా పక్కన కూర్చోబెట్టుకుని చూడు. నీకోసం టీవీలో చెప్పాను బిడ్డా.

నీ నాయనమ్మ


బెంగళూరు
10 ఆగస్టు 2009

నాయనమ్మకు.

చూశాం. బిందు, నేను, మాతో పనిచేసే ఇద్దరు. మా నాయనమ్మ మాట్లాడుతుందని నేనే పిలిచాను.

గొలుసు లేదు, బువ్వ లేదు, చప్పట్లు లేవు. నువ్వు కళ్ళు పెద్దవి చేసి "మా ఇండ్లల్ల గట్లాంటియి ఉండయి" అన్నావు. మూడు సార్లు వేశారు. కింద ఎర్ర అక్షరాలతో "పల్లె తల్లి ఆగ్రహం" అని. నీ ముఖంలో ఉన్నది భయమని నేను అనుకోవాలని చూశాను. కానీ ఆ అక్షరాలు చదివాక నాకూ అది కోపంలాగే కనిపించింది.

మొదటి మాట నిజంగా అన్నావా, లేక నన్ను ఊరుకోబెట్టడానికి రాశావా? అబద్ధమైతే రాయకు.

బిందు వాళ్ళ నాన్న హైదరాబాద్ నుంచి ఫోన్ చేశాడు. "చదువు లేని ముసలావిడకున్న ఇంగితం నీకు లేకపోయిందే" అన్నాడట.

స్వర్ణ


శంషాబాద్
6 సెప్టెంబర్ 2009

చిరంజీవి స్వర్ణకు.

మీ తాతమీద ఒట్టు, అన్నాను. సంతలో ఇన్ని కూరలున్నా వాళ్ళు వంకాయ ఒక్కటే ఏరుకుపోయారు, నేనేం చేయను. నువ్వు నా మాట అబద్ధం అన్నందుకు బాధ లేదు. కాదు, ఉంది.

ఇక్కడ నాకు గొప్ప పేరు వచ్చింది. దారిన పోతుంటే "మంచిగ చెప్పినవ్ అవ్వా" అంటున్నారు. కిరాణా కొట్టాయన స్టూలు వేసి కూర్చోమంటాడు. మన పండుగల సంఘం వాళ్ళు ఫంక్షన్ హాలులో సభ పెట్టి శాలువా కప్పుతామన్నారు. మీ బాపు ఒప్పుకుని వచ్చాడు. ఎయిర్‌పోర్టులో తోటి డ్రైవర్లు "నీ తల్లి టీవీల కొచ్చిందిరా జగదీశ్" అని చాయ్ తాగిస్తున్నారట, సంబరపడుతున్నాడు.

నేను పోనన్నాను. తర్వాత ఆలోచించాను. అక్కడ నా మాట కోసేవాళ్ళు ఉండరు కదా, మైకులో అన్నది అన్నట్టే అందరికీ వినపడుతుంది కదా అని పోయాను. శాలువా కప్పారు. మైకు ఇచ్చారు. "నేను రెండు మాటలన్న, టీవీల ఒక్కటే వచ్చింది. గా పిల్లలను జైల్ల పెట్టుడు తప్పు. ఎవ్వరికి ఏం అన్యాయం చెయ్యలే" అన్నాను.

అప్పుడు పక్కన నిలబడ్డ పెద్దమనిషి మైకు మెల్లగా తీసుకుని, "మన అవ్వది తల్లి మనసు. ఆమె చెప్పేదేందంటే, గిట్లాంటోళ్ళకు కావలసింది జైలు కాదు, వైద్యం" అన్నాడు. హాలంతా చప్పట్లు. నేను కాదు కాదు అని చెయ్యి ఊపాను. దండం పెడుతున్నాననుకుని మళ్ళీ కొట్టారు. పేపర్లో ఫోటో కూడా అదే వేశారు, చెయ్యి ఎత్తి ఉన్నది.

ఇంటికి వచ్చాక మీ బాపు, "మా అమ్మ మాట మంచిగున్నది, జైలు కాదు, వైద్యం" అన్నాడు. ఎవరి గురించి అన్నాడో నాకు తెలియదు. ఆ రోజు నుంచి ఆయన నిన్ను పెళ్ళి మాట అడగడం మానేశాడు. అదే నాకు ఎక్కువ భయంగా ఉంది. ఒక్కదానివే ఇక్కడికి రాకు.

నీ నాయనమ్మ


శంషాబాద్
17 జనవరి 2010

స్వర్ణా, నువ్వు జవాబు రాయలేదు. అయినా ఇది అర్జెంటు, స్పీడు పోస్టులో వేస్తున్నాను.

నిన్న బిందు వాళ్ళ నాన్న భీమశంకరరావు మిఠాయి డబ్బా పట్టుకుని మన ఇంటికి వచ్చాడు. మీ బాపు డ్యూటీలో ఉన్నాడు. చాలా మర్యాదగా మాట్లాడాడు. "మీ మాట మాకు దారి చూపించిందండీ. కోపతాపాలు అనవసరం, వైద్యం కావాలి అన్నారు చూశారా. వాళ్ళమ్మకు ఒంట్లో బాగాలేదని చెప్పి పిల్లను పిలిపించాం. ఇప్పుడు మా ఇంట్లోనే ఉంది. ఫోనూ అదీ ఇవ్వడం లేదు. డాక్టరుగారు ఇంటికే వచ్చి చూస్తున్నారు, మందులు వాడుతున్నాం" అన్నాడు.

నీకు ఉత్తరం రాయాలట, బిందుకు ఇక్కడ సంబంధం కుదిరింది, ఇక ఫోన్లు చేయకు అని. "మీరు రాస్తే నమ్ముతుందండీ" అన్నాడు.

సరేనన్నాను. చాయ్ ఇచ్చాను. బిందు వాళ్ళమ్మ విజయమ్మగారిని చూసిపోతాను, ఇల్లు ఎక్కడ అని అడిగాను. చెప్పాడు. మైలార్‌దేవ్‌పల్లి, నీళ్ళ ట్యాంకు దాటి మూడో గల్లీ, నీలం గేటు, కింద టైలరు షాపు. పగలు పదకొండు నుంచి నాలుగు దాకా ఆయన ఆఫీసులో ఉంటాడు. సంబంధం ఏమీ కుదరలేదు.

వెంటనే రా. ఒక్కదానివి రాకు. బస్సు దిగేటప్పుడు పూర్తిగా ఆగాక దిగు.

నాయనమ్మ


బెంగళూరు
1 ఫిబ్రవరి 2010

నాయనమ్మకు.

బిందును తీసుకొచ్చాం. ఒక లాయరమ్మ తోడు వచ్చింది. పిల్లకు ఇరవై ఐదేళ్ళు, తన ఇష్టం అని ఆమె చెబుతుంటే బిందు ఇంట్లో వేసుకునే చెప్పులతోనే గేటు దాటింది. వాళ్ళమ్మ ఏడ్చింది. మమ్మల్ని ఆపలేదు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సు మన గల్లీ ముందు నుంచే వచ్చింది. నువ్వు అరుగు మీద బియ్యం చెరుగుతున్నావు. దిగలేదు.

వాళ్ళ హాల్లో గోడకు నీ ఫోటో ఉంది. పేపర్లో వచ్చింది, శాలువాతో, చెయ్యి ఎత్తి. అద్దం కట్టించారు. ఐదు వారాలు బిందు రోజూ దాని ముందు కూర్చునే ఆ గోలీలు మింగింది. ఇప్పుడు అన్నం ముద్ద చేతిలోకి తీసుకుని ఎందుకు తీసుకుందో మరిచిపోతోంది.

అడ్రసు పంపినందుకు నీకు రుణపడ్డాను. కానీ ఇక రాయకు నాయనమ్మా. నీ అక్షరాలు చూస్తే నాకు ఆ ఫోటోనే గుర్తొస్తుంది.

స్వర్ణ


శంషాబాద్
22 డిసెంబర్ 2013

చిరంజీవి స్వర్ణకు నాయనమ్మ జంగమ్మ రాయునది.

నాలుగేళ్ళు రాయలేదు, నువ్వు వద్దన్నావని. పొద్దున బెంగళూరు బస్సులు పోతుంటే బోర్డులు మాత్రం చదువుకున్నాను. నాకు ఒక కంటిలో పొర తీశారు. మీ అమ్మ బాగుంది. నువ్వు ఇదే ఇంట్లో ఉన్నావో లేదో తెలియదు.

పోయిన బుధవారం కాక ఆ ముందు బుధవారం, పెద్ద కోర్టు పాత తీర్పు కొట్టేసింది, మళ్ళీ నేరమే అంది. టీవీలో చూసి వంట ఆపి కూర్చున్నాను. రెండో రోజే టీవీ వాళ్ళు మన ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. "అవ్వా, నాలుగేళ్ళ కింద మీరన్న మాటే ఇప్పుడు పెద్ద కోర్టు అన్నది. సంతోషమేనా?" అని అడిగారు. మీ బాపు కుర్చీ వేశాడు. గల్లీ అంతా చేరింది. లచ్చమ్మ వాకిట్లో నిలబడింది.

నేను చెప్పాను. "నేనన్నది గది కాదు. నేనప్పుడు భయానికి అబద్ధమాడిన. మా ఇండ్లల్ల ఉండయి అన్న. మా ఇంట్లనే ఉన్నది. నా మనవరాలు స్వర్ణలత, ఆమె మనిషి బిందు. నేస్తం గిట్ల కాదు. పెండ్లి చేసుకున్నోళ్ళ తీరుగనే ఉంటున్నరు. వాళ్ళు నేరస్తులైతే నన్ను కూడ పట్టుకపోండ్రి" అన్నాను.

మైకు పట్టుకున్న పిల్లవాడు కెమెరా వాడి వైపు చూశాడు. "అవ్వా, సంస్కృతి గురించి ఒక్క ముక్క చెప్పు" అన్నాడు. "అయిపోయింది, ఇగ పోండ్రి" అన్నాను.

పోయిన ఆదివారం టీవీ ముందు కూర్చున్నాను. రాలేదు. ఈ రోజూ కూర్చున్నాను. రాలేదు. పాతదే వేశారు, పల్లె తల్లి ఆగ్రహం.

టీవీలో రాకపోయినా గల్లీలో అందరికీ వినపడింది. మీ బాపు నాతో మాటలు మానేశాడు. నా కంచం వేరు పెట్టమన్నాడు. మీ అమ్మ దొంగతనంగా కూర వేస్తుంది. డ్రైవర్లు ఆయనను ఏదో అన్నారట, రెండు రోజులు డ్యూటీకి పోలేదు. లచ్చమ్మ నన్ను పలకరించదు. అయినా నీ జవాబు వస్తే ఇస్తానంది.

అప్పుడు నేను రాసింది నువ్వు నమ్మలేదు. ఇప్పుడు కూడా నా చేతిలో రాత తప్ప ఏమీ లేదు. ఒక్క మనిషి దగ్గర చెప్పమన్నావు. ఆలస్యమైంది బిడ్డా.

జంగమ్మ


బెంగళూరు
12 జనవరి 2014

నాయనమ్మకు స్వర్ణ నమస్కారాలు.

నమ్మాను. ఉత్తరం రెండు ఇళ్ళు తిరిగి చేరింది. బిందు నీ ఉత్తరాన్ని మడిచి దిండు కింద పెట్టుకుంది. ఇన్నేళ్ళలో మాకు మొదటి పండుగ నీ ఉత్తరం వచ్చిన రోజే. కంటికి చుక్కలు మానకుండా వేసుకో.

ఇక్కడ సంగతులు బాగాలేవు. నవంబర్లో బిందుకు కడుపులో ఆపరేషన్ అయింది. కాగితం మీద ఏమవుతారు అని అడిగారు. నేను ఆ ఆసుపత్రిలోనే పనిచేస్తాను నాయనమ్మా, అయినా స్నేహితురాలు అని రాశాను. స్నేహితురాలి సంతకం చెల్లదన్నారు. నొప్పితో మెలికలు తిరుగుతున్న మనిషిని పక్కన పెట్టుకుని వాళ్ళ నాన్నకు ఫోన్ చేయాల్సి వచ్చింది. ఆయన సంతకం పెట్టి, ఆమెను చూడకుండా వెళ్ళిపోయాడు.

తీర్పు వచ్చిన వారానికి మేం అద్దెకున్న ఇంటామె టీవీ కట్టేసి పైకి వచ్చి, "మీరిద్దరూ ఒకరికొకరు ఏమవుతారు?" అని అడిగింది. ఖాళీ చేశాం. ఇప్పుడు ఇంకో చోట ఉన్నాం. ఇది మూడో ఇల్లు. బిందుకు కుట్లు ఇంకా నొప్పి పెడుతున్నాయి, మళ్ళీ సామాను మోయలేదు.

నువ్వు వస్తే బాగుండునని ఉంది. వస్తే ఈ ఇంటామె నిన్ను తప్పకుండా అడుగుతుంది. పెద్దదానివి, నీ మాట నమ్ముతుంది. నువ్వు టీవీ వాళ్ళకు చెప్పింది ఇక్కడ చెప్పకు నాయనమ్మా. మా ఊళ్ళో నేస్తం కట్టుకుంటారు, చీరలు మార్చుకుంటారు, బెల్లం పెట్టుకుంటారు అని చెప్పు. అప్పట్లో నువ్వు గల్లీలో చెప్పినట్టే.

ఇది రాయడానికి నాకు నాలుగు రోజులు పట్టింది.

స్వర్ణ


శంషాబాద్
2 ఫిబ్రవరి 2014

చిరంజీవి స్వర్ణకు, బిందుకు నాయనమ్మ దీవెనలు.

కుట్లు మానాయా. వేడి నీళ్ళతోనే స్నానం చేయమను. పుల్లటివి పెట్టకు.

నువ్వు నాలుగు రోజులు రాసింది నేను వారం రోజులు చదివాను. సత్తెమ్మ గుర్తొచ్చింది. ఆమె పోయిన రోజు నేను కాళ్ళ దగ్గర కూర్చుంటే వాళ్ళ కోడలు, "పెద్దమ్మా, జర జరుగు, ఇంటోళ్ళు కూసోవాలె" అంది. జరిగాను. నలభై ఏళ్ళ నేస్తం, సాయంత్రానికి ఇంటికి వచ్చి అందరికీ అన్నం వండాను. ఎవరూ నన్ను మైల ఉందా అని అడగలేదు. ఆమె పొలం ఎయిర్‌పోర్టులో పోయింది. ఇప్పుడు విమానం దిగినప్పుడల్లా అక్కడే దిగిందనుకుంటాను. నేస్తం అంటే ఎవరూ ఏమీ అనరు, అందుకే నీకు ఆ మాట ఇచ్చాను. ఎవరూ ఏమీ ఇవ్వరని చెప్పలేదు. అది నా తప్పు.

నేను వస్తున్నాను. మీ బాపుకు చెప్పాను. నా సంచికి జిప్పు పోతే బాగుచేయించి గుమ్మం దగ్గర పెట్టాడు. తెలంగాణ గొడవల్లో బందు పెట్టకపోతే బస్సులు ఉంటాయట. బస్సులో దొంగలుంటారని మీ అమ్మ భయపెట్టింది. నేను ముందే భయపడి ఉన్నాను, కొత్తగా ఏమీ కాలేదు.

ఇంటామెకు నువ్వు చెప్పమన్నట్టే చెబుతాను. నాకు అలవాటైన మాటే, తడబడను. సత్తెమ్మ నాకిచ్చిన చీర తెస్తున్నాను, అనుమానం ఉంటే ఆమెకు చూపిస్తాను. తర్వాత అది బిందు కట్టుకోవచ్చు, రంగు బాగుంటుంది. కానీ లోపలికి వచ్చి తలుపు వేసుకున్నాక నా ముందు ఆ నేస్తం మాట ఎవ్వరూ అనొద్దు. నేనూ అనను.

ఫిబ్రవరి పదహారు, ఆదివారం. పొద్దున ఆరు గంటల బస్సు ఎక్కుతాను. సాయంత్రం ఇద్దరూ స్టాండుకు రండి.

నీ నాయనమ్మ
జంగమ్మ